బొద్దింకలో చేరిన కవి: డాన్ మార్క్విస్ హాస్యంలో జన్మాంతర ప్రశ్న

ఒక దేహాన్ని విడిచిన జీవుడు మరొక దేహంలో ప్రవేశిస్తాడని అంగీకరించిన ప్రతి దర్శనమూ వెంటనే మరొక ప్రశ్నకు సమాధానం చెప్పవలసి వస్తుంది. కొత్త దేహంలో ఉన్నవాడు పాతవాడేనని దేనిని బట్టి నిర్ణయించాలి? మిగిలిన జ్ఞాపకాన్ని బట్టియా, మారని స్వభావాన్ని బట్టియా, చేసిన కర్మ చేసినవానికే అంటాలన్న న్యాయాన్ని బట్టియా, లేక వీటికి వేటికీ లొంగని ఆత్మ ఒకటి ఉన్నదన్న సిద్ధాంతాన్ని బట్టియా అన్నది తేల్చకుండా పునర్జన్మను గురించి మాట్లాడడం సాధ్యం కాదు. ఈ ప్రశ్నను పట్టుకున్నవారిలో ఎక్కువమంది తత్త్వవేత్తలూ భాష్యకారులూ కాగా, 1916 మార్చి 29న న్యూయార్క్ నగరపు ఈవెనింగ్ సన్ అనే సాయంకాల దినపత్రికలో అది విచిత్రమైన వేషంతో పాఠకుల ముందుకు వచ్చింది. చనిపోయిన ఒక కవి ఆత్మ బొద్దింక శరీరంలో చేరి, రాత్రివేళ పత్రికా కార్యాలయంలోని టైపు మిషన్ మీదికెక్కి, అక్షరం వెంట అక్షరంగా తన కొత్త జన్మ వృత్తాంతాన్ని కాగితం మీదికి ఎక్కించింది. ఆ బొద్దింక పేరు ఆర్చీ. దానిని సృష్టించిన పత్రికా రచయిత డాన్ మార్క్విస్ అమెరికన్ హాస్యకవుల చరిత్రలో నేటికీ నిలిచి ఉండడానికి ప్రధాన కారణం ఆ బొద్దింకే.

మార్క్విస్ 1878 జులై 29న ఇల్లినాయ్ రాష్ట్రంలోని వాల్నట్ అనే చిన్న ఊరిలో ఒక వైద్యుని ఇంట జన్మించాడు. ఆ రోజునే అమెరికా ఖండం మీద సూర్యగ్రహణం పట్టింది. తన రాకకూ సూర్యుడు మరుగుపడడానికీ ఉన్న సంబంధాన్ని గురించి ఆయన తరువాతి కాలంలో పరిహాసంగా చెప్పుకునేవాడు. యౌవనంలో అట్లాంటా చేరి, అక్కడ 1907 నుంచి జోయెల్ చాండ్లర్ హారిస్ నడిపిన మాసపత్రికలో సహాయ సంపాదకుడుగా పనిచేశాడు. బానిసత్వంలో మగ్గిన నల్లజాతివారు ఒకరికొకరు చెప్పుకున్న కుందేలు, నక్క కథలను సేకరించి అంకుల్ రీమస్ అనే కథకుని పేర లోకానికి అందించినవాడు ఈ హారిసే. బలహీనమైన జంతువు నోట బలవంతుల లోకాన్ని విమర్శింపజేసే కథనరీతితో మార్క్విస్‌కు అక్కడ సన్నిహిత పరిచయం కలిగిందని గుర్తిస్తే, తరువాత వచ్చిన బొద్దింక అంత ఆకస్మికంగా కనిపించదు. 1909లో ఆయన న్యూయార్క్ చేరి, కొన్ని సంవత్సరాలలోనే ఈవెనింగ్ సన్‌లో ‘సన్ డయల్’, అనగా నీడగడియారం, అనే దినవారీ శీర్షికకు కర్త అయ్యాడు. 1922లో ఆ శీర్షికా రచనను ట్రిబ్యూన్ పత్రికకు మార్చుకున్నాడు. ఆర్చీ రచనలు గ్రంథరూపంలో తొలిసారి వచ్చినది 1927లో. 1933లోనూ 1935లోనూ మరి రెండు సంపుటాలు వెలువడ్డాయి.

ఆర్చీ రాసే పద్ధతిని కొంచెం వివరంగా చూడవలసి ఉన్నది, ఎందుకంటే ఇందులోని తత్త్వం ఆ యంత్రం మీదే మొదలవుతుంది. బొద్దింకకు మీటలను వేళ్లతో నొక్కే శక్తి లేదు. యంత్రం పైచట్రం మీదికి ఎక్కి, అక్కడి నుంచి తలకిందులుగా ఒక్కొక్క మీట మీదికి దూకి, తన తల బరువుతో ఒక్కొక్క అక్షరాన్ని అచ్చు వేయాలి. ఇంగ్లీషు రాతలో వాక్యారంభానికీ మనుషుల పేర్లకూ వాడే పెద్ద అక్షరాలు పడాలంటే షిఫ్ట్ అనే మీటను ఒకవైపు నొక్కి ఉంచి, అదే సమయంలో అక్షరపు మీటను నొక్కాలి. ఒకే సమయంలో రెండు చోట్ల దూకడం సాధ్యం కాదు గనుక ఆర్చీ రచనలు దాదాపు అన్నీ చిన్న అక్షరాలలోనే ఉంటాయి. విరామ చిహ్నాలూ ఉండవు. ఆనాటి మిషన్లలో చాలావాటిపై కామాకు, బిందువుకు షిఫ్ట్ మీట అవసరం లేదు కనుక వాటిని కూడా వదిలివేయడంలో బొద్దింక అశక్తత కంటె మార్క్విస్ సౌకర్యమే ఎక్కువగా కనిపిస్తుంది. వారానికి ఆరు రోజులు నిలువు వరుస నింపవలసిన శీర్షికా రచయితకు పొట్టి పంక్తులు ఎంత వరమో ఇ. బి. వైట్ అనే ప్రసిద్ధ వ్యాసకర్త ఆర్చీ సంపుటికి రాసిన ముందుమాటలో సానుభూతితో గుర్తించాడు.

ఈ ఏర్పాటులో మొదటి బాణం సమకాలిక కవుల మీదికే ఎక్కుపెట్టబడింది. 1912లో షికాగో నుంచి హారియట్ మన్రో పోయెట్రీ పత్రికను ప్రారంభించిన తరువాత, ఛందస్సును విడిచి విరిగిన పంక్తులలో రాసే స్వేచ్ఛాకవిత్వం అమెరికాలో పెద్ద వివాదంగా మారింది. ఛందస్సు తెలిసి, సొనెట్లు రాయగలిగిన మార్క్విస్, చచ్చిన స్వేచ్ఛాకవి బొద్దింకగా పుట్టాడని చెప్పడంలోని ఎత్తిపొడుపును పత్రికా పాఠకులు వెంటనే గ్రహించి ఉంటారు. కాని ఎత్తిపొడుపు అక్కడితో తీరిపోయి ఉంటే ఆర్చీ ఒక వారం బతికేవాడు. అతడు దాదాపు ఇరవై ఏళ్లు బతకడానికి కారణం, రచయిత తాను పరిహసించదలచిన కవికి పొరపాటున తన మనస్సులోని ఉత్తమ భాగాన్ని ఇచ్చివేయడమే.

రెండవ బాణం నగరంలోని ఆధ్యాత్మిక వేడుకల మీదికి వెళ్లింది. పునర్జన్మ అనే భావన 1916 నాటి న్యూయార్క్‌కు కొత్తది కాదు. హెలెనా బ్లావట్‌స్కీ, హెన్రీ ఆల్కాట్ ప్రభృతులు దివ్యజ్ఞాన సమాజాన్ని 1875లో స్థాపించినది ఈ నగరంలోనే. దాని కేంద్రస్థానం మద్రాసులోని అడయారుకు చేరినది ఆ తరువాతి మాట. 1893 షికాగో సర్వమత మహాసభ అనంతరం వివేకానంద స్వామి 1894లో న్యూయార్క్‌లో వేదాంత సమాజాన్ని నెలకొల్పాడు. ఈ గంభీర ప్రయత్నాల అంచున, కర్మ, పూర్వజన్మ, విశ్వచైతన్యం వంటి మాటలను సాయంకాలపు తేనీటి విందుల్లో దొర్లించే ఒక వర్గం కూడా తయారైంది. మార్క్విస్ 1916లోనే ప్రచురించిన హర్మయొనీ అనే వ్యంగ్య గ్రంథంలో నాయిక ఈ వర్గపు యువతి. వారానికొక సిద్ధాంతాన్ని పట్టుకుని, మరుసటి వారానికి దానిని మరచిపోతుంది. కొంతకాలానికి, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా ప్రకటిస్తూ అనీ బిసెంట్ 1926లో అమెరికాకు తీసుకువచ్చినప్పుడు న్యూయార్క్ విలేకరులు చూపిన కుతూహలమూ వెటకారమూ కలగలిసిన ధోరణి ఈ వాతావరణానికి కొనసాగింపే.

అటువంటి సభల్లో పూర్వజన్మను గుర్తుకు తెచ్చుకున్నవారు తరచు రాణులుగానో పూజారిణులుగానో తేలడం పరిహాసకులకు ఎప్పుడూ దొరికే విషయం. ఆర్చీకి తోడుగా వచ్చిన మెహిటబెల్ అనే సందు పిల్లి ఈ పరిహాసానికి జీవమున్న రూపం. చెత్తడబ్బాల మధ్య బతికే ఈ పిల్లి తన ఆత్మ ఒకప్పుడు ఈజిప్టు రాణి క్లియోపాత్రాదని చెప్పుకుంటుంది. ఒక సందర్భంలో ఆమెకు పారిస్‌లో గండుపిల్లి ఒకటి తటస్థపడి, తాను ఫ్రాంస్వా వియాఁ అనే మధ్యయుగపు ఫ్రెంచి కవినని చెప్పుకుంటుంది. ఆర్చీ ఈ క్లియోపాత్రా కథను మర్యాదగా వింటాడు గాని పూర్తిగా నమ్మినట్టు కనిపించడు. ఒక జన్మాంతరవాది మరొక జన్మాంతరవాది మాటను సందేహించడం ఇక్కడి సొగసు. అతని సందేహం వెనుక ఒక గట్టి ప్రమాణభేదం ఉన్నది: ఆర్చీకి పూర్వజన్మ నుంచి ఒక విద్య మిగిలింది, మెహిటబెల్‌కు మాత్రం ఒక బిరుదు మాత్రమే మిగిలింది.

ఈ భేదం తత్త్వశాస్త్రంలో చాలా దూరం వెళుతుంది. ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ తన మానవ జ్ఞాన విచారణ గ్రంథానికి 1694లో చేర్చిన ఒక అధ్యాయంలో, వ్యక్తి అదే వ్యక్తిగా కొనసాగడానికి ఆధారం ఆత్మద్రవ్యం కాదని, స్మృతితో ముడిపడిన చైతన్యమే ఆధారమని వాదించాడు. ఆత్మద్రవ్యం అంటే గుణాలకూ అనుభవాలకూ అడుగున ఆశ్రయంగా ఉండే వస్తువు అని అర్థం. ట్రాయ్ యుద్ధంలో పాల్గొన్న నెస్టర్ అనే వృద్ధ వీరుని ఆత్మో, థెర్సైటీస్ అనే వదరుబోతు సైనికుని ఆత్మో తనలో ఉన్నదని ఒకడు అనుకున్నా, వారి పనుల స్మృతి ఏమాత్రం లేనప్పుడు అతడు వారిలో ఎవరూ కాడని లాక్ నిర్ణయం. మరొకవైపు, రాజకుమారుని ఆత్మ తన స్మృతులన్నిటితో ఒక చెప్పులు కుట్టేవాని దేహంలో ప్రవేశిస్తే, లోకం అతనిని చెప్పులు కుట్టేవానిగానే చూసినా, వ్యక్తిగా అతడు రాజకుమారుడే అంటాడు. ఆర్చీ ఈ ఉదాహరణకు పొడిగింపు వంటివాడు. చెప్పులు కుట్టేవాని స్థానంలో మార్క్విస్ బొద్దింకను పెట్టి, లాక్ వదిలివేసిన ప్రశ్నను ముందుకు తెచ్చాడు. ఆరు కాళ్లతో, గోడ వెంట పాకుతూ, చెత్తబుట్టలో పడిన ఆపిల్ తొక్కలు తింటూ, కాలి కింద నలిగిపోతానేమోనన్న భయంతో బతికే ప్రాణికి, మునుపటి జ్ఞాపకాలు ఉన్నంత మాత్రాన మునుపటి దృష్టి ఉంటుందా? ఆర్చీ సమాధానం స్పష్టమైనది. లోకాన్ని ఇప్పుడు తాను కింది వైపు నుంచి చూస్తున్నానని, అందువల్ల జీవితం వేరుగా కనిపిస్తున్నదని అతడు తొలి రచనలోనే ప్రకటిస్తాడు. స్మృతి అదే అయినా దేహం మారడంతో చూపు మారింది. కాబట్టి వ్యక్తి స్మృతిలో మాత్రమే లేడు. రాజకుమారుడు ఒక సంవత్సరం పాటు చెప్పులు కుట్టి ఉంటే లాక్ నిర్ణయం ఇంత సుఖంగా సాగేది కాదేమో.

జన్మాంతరాన్ని చూసి నవ్వడం కూడా కొత్తది కాదు. ఆత్మ దేహాలు మారుస్తుందని బోధించిన గ్రీకు తత్త్వవేత్త పైథాగరస్, ఎవరో ఒక కుక్కపిల్లను కొడుతుంటే దాని అరుపులో చనిపోయిన మిత్రుని గొంతు గుర్తుపట్టి ఆపమన్నాడని సమకాలికుడైన జెనోఫనీస్ అనే కవి పద్యరూపంలో వెక్కిరించాడు. పునర్జన్మ సిద్ధాంతాన్ని గురించి పాశ్చాత్య వాఙ్మయంలో మిగిలిన అతి ప్రాచీన ప్రస్తావనల్లో ఒకటి హాస్యపద్యం కావడం గమనింపదగినది. ప్లేటో తన రిపబ్లిక్ చివరి భాగంలో ఏర్ అనే యోధుడు పరలోకంలో చూసిన దృశ్యాన్ని వర్ణిస్తూ, జీవులు తమ రాబోయే జన్మను తామే ఎంచుకుంటారని చెప్పాడు. గాయకుడైన ఆర్ఫియస్ హంస జన్మను, థామిరస్ అనే మరొక గాయకుడు కోకిలను పోలిన పాటపిట్ట జన్మను కోరుకుంటారు. లాక్ ఉదాహరణలో కనిపించిన థెర్సైటీస్ ఇక్కడ కోతి అవుతాడు. అనేక కష్టాలు పడిన ఒడిస్సియస్ ఎవరి దృష్టీ పడని సామాన్య గృహస్థు జీవితాన్ని వెతికి పట్టుకుంటాడు. ఆ తరువాత అందరూ విస్మృతి నదీజలాన్ని తాగి జన్మిస్తారు. ప్లేటో ఊహలో పాటగానికి అందమైన పక్షి జన్మ లభించింది, దానికి ప్రతిగా జ్ఞాపకం పోయింది. మార్క్విస్ కవికి జ్ఞాపకం మిగిలింది, అందం పోయింది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ క్రూరమో చెప్పడం కష్టం.

భారతీయ సంప్రదాయంలో పూర్వజన్మ స్మృతి కలవానిని జాతిస్మరుడు అంటారు. పతంజలి యోగసూత్రాల మూడవ పాదం ప్రకారం సంస్కారాలను, అనగా పూర్వానుభవాలు చిత్తంలో విడిచిన ముద్రలను, ప్రత్యక్షంగా దర్శించగలిగిన యోగికి పూర్వజన్మ జ్ఞానం కలుగుతుంది. అది సాధనఫలమే గాని పుట్టిన ప్రతివానికీ దక్కేది కాదు. నాలుగవ పాదంలో మరింత సూక్ష్మమైన మాట ఉన్నది. ఏ జన్మ లభించిందో ఆ జన్మకు తగిన వాసనలు మాత్రమే అప్పుడు అభివ్యక్తమవుతాయి. తక్కినవి లోపల నిద్రిస్తాయి. వాసన అంటే ఫలితమివ్వడానికి సిద్ధంగా ఉన్న సంస్కారశేషం. వ్యాఖ్యాతలు దీనిని వివరిస్తూ, మానవుడు పిల్లిగా పుడితే ఎన్నో జన్మల వెనుకటి పిల్లి వాసనలు మేల్కొని అతనిని నడిపిస్తాయని, మానవ వాసనలు అప్పటికి అణగి ఉంటాయని తాత్పర్యం చెప్పారు. ఈ లెక్కన మెహిటబెల్ శాస్త్రసమ్మతమైన పిల్లి. రాణి అన్న మాట నాలుక మీద ఉన్నా, నడత అంతా పిల్లిదే. ఆర్చీ మాత్రం శాస్త్రానికి అపవాదం: బొద్దింక వాసనలు ఆకలి రూపంలో, మానవ వాసనలు అక్షరాల రూపంలో, రెండూ ఒకే దేహంలో ఒకేసారి మేలుకొని ఉన్నాయి. అతని బాధకూ హాస్యానికీ మూలం ఈ ఏకకాలికతే.

తెలుగు భాగవతం చదివినవారికి ఇక్కడ ఇద్దరు జాతిస్మరులు గుర్తుకు రాకమానరు. గంగన రచించిన పంచమ స్కంధంలో భరతుడనే రాజర్షి ఒక లేడిపిల్ల మీది మమకారంతో దేహం విడిచి లేడిగా పుడతాడు. పూర్వస్మృతి నశించకపోవడంతో ఆ జన్మలో సాంగత్యాన్ని విడిచి మౌనంగా ఆయువు గడుపుతాడు. తరువాత విప్రునిగా పుట్టి కూడా లోకుల కంట జడునిలా తిరుగుతాడు. అతనికి స్మృతి ఒక హెచ్చరిక, దానికి తగిన ప్రతిస్పందన మౌనం. అష్టమ స్కంధంలోని గజేంద్రుని స్థితి వేరు. అతడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. అగస్త్యుని శాపంతో ఏనుగయ్యాడు. మొసలి పట్టు విడవని సమయంలో పూర్వజన్మలో అభ్యసించిన స్తోత్రం అతని నోట వెలువడిందని మూలభాగవతం చెబుతున్నది. పోతన చేతిలో ఆ సందర్భం తెలుగువారు నోటికి నేర్చుకునే పద్యాల వరుసగా మారింది. పశుదేహంలో చిక్కుకున్న మానవ విద్య కవిత్వ రూపంలో బయటపడడమన్న అంశంలో గజేంద్రునికీ ఆర్చీకీ ఉన్న సామ్యం పైపైది కాదు. అయితే ఏనుగు మొరకు వినేవాడు ఒకడు ఉన్నాడు, విని పరుగెత్తి వచ్చాడు. బొద్దింక రాత్రంతా తలతో కొట్టి రాసినది మరునాడు పత్రికా కార్యాలయంలోని యజమాని చూస్తాడు, సాయంకాలానికి కొన్ని వేలమంది పాఠకులు చూస్తారు; వారిలో ఎవరూ అతనిని ఆ దేహం నుంచి విడిపించలేరు. కవిత్వం ఒకచోట మోక్షానికి దారి, మరొకచోట బతికి ఉండడానికి సాకు.

పునర్జన్మ సిద్ధాంతానికి నైతిక ప్రాణం కర్మన్యాయం: ప్రతి జన్మా పూర్వపు చేతల ఫలమన్న నియమం. ఆశ్చర్యకరంగా, మార్క్విస్ తన కథనారంభంలో ఈ అంశాన్ని దాదాపు మూగగా వదిలివేశాడు. తాను చనిపోయానని, తన ఆత్మ బొద్దింకలో చేరిందని ఆర్చీ చెబుతాడు తప్ప, ఏ పాపానికి ఆ దేహం వచ్చిందో విచారించడు. చెడ్డ కవిత్వం రాసినందుకు శిక్ష అని నవ్వుకునే అవకాశం పాఠకునికే విడిచిపెట్టబడింది. ఫ్రెడీ అనే ఎలుక కూడా ఒకప్పుడు కవే. అసూయతో ఆర్చీ రచనలను ఎగతాళి చేసి, ఆపైన వాటిని తినివేస్తుంది. విమర్శకులను గురించి మార్క్విస్ అభిప్రాయం ఇదే అయి ఉండవచ్చు. ఇంతకు మించి ఏ తీర్పూ లేదు. న్యాయం తీసివేసిన పునర్జన్మలో మిగిలేది దృష్టికోణం మాత్రమే: ఎవడైనా ఎవడి స్థానంలోనైనా ఉండవచ్చు గనుక, కింద ఉన్నదాని కంటితో ఒకసారి చూడక తప్పదన్న ఒత్తిడి. భారతీయ పాఠకునికి ఇది సగం సిద్ధాంతంగా తోచడం సహజం. ఆ సగాన్నే మార్క్విస్ ఎంత దూరం లాగగలిగాడో చూస్తే, లోపం కొంత బలంగా కూడా మారిందని ఒప్పుకోవాలి. పురుగును చూసి అది దాని కర్మ అని సరిపెట్టుకునే వీలు ఇక్కడ లేదు.

ఈ కింది చూపుతో ఆర్చీ ముట్టుకున్న మతసమస్యలు చిన్నవి కావు. వార్టీ బ్లిగ్గెన్స్ అనే కప్ప ఒక పుట్టగొడుగు నీడన కూర్చుని, సూర్యచంద్రులు తన కోసమే ప్రకాశిస్తున్నారని, విశ్వమంతా తన కోసమే నిర్మింపబడిందని నమ్ముతుంది. ఇంతటి వైభవానికి తగిన పని ఏమి చేశావని అడిగితే, తనకు తగినదిగా ఉండడానికి విశ్వం ఏమి చేసిందో అడగమంటుంది. సృష్టిలోని ప్రతి వస్తువూ ఒక ప్రయోజనం కోసం అమర్చబడిందని, ఆ అమరిక సృష్టికర్తకు సాక్ష్యమని చెప్పే వాదాన్ని ప్రయోజనవాదం అంటారు. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల క్రైస్తవ వేదాంతులు దానిని విస్తారంగా నడిపారు. ఆ వాదంలో ప్రయోజనం పొందేవానిగా మనిషి ఉన్న చోట కప్పను ఉంచడం తప్ప మార్క్విస్ ఏమీ మార్చలేదు. కప్పను చూసి మనుషులు మరీ తీరికగా నవ్వనక్కరలేదని ఆర్చీ చివర గుర్తుచేస్తాడు. మరొక రచనలో సాలీడుకు చిక్కిన ఈగ, తాను రోగాలు మోసుకువెళ్లి చెడ్డవారిని శిక్షించే న్యాయసేవకుణ్ణి కాబట్టి విడిచిపెట్టమంటుంది. సాలీడు తాను సౌందర్యస్రష్టనని, తన గూడు కళాఖండమని వాదించి గెలుస్తుంది, గెలిచి ఈగను తింటుంది. కీడు ఎందుకున్నదన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే రెండు సమాధానాలు, అది శిక్ష అన్నదీ, మొత్తం చిత్రపు అందానికి అవసరమన్నదీ, ఈ రెండు పురుగుల నోట ఉన్నాయి. వాదంలో ఏది గెలిచినా భోజనం ఆగలేదు.

అన్నిటికంటె లోతుగా తాకేది పిట్ట మింగిన పురుగు కథ. మొదట ప్రతిఘటించిన ఆ పురుగు, జీర్ణమవుతున్న కొద్దీ తన వ్యక్తిత్వం కరిగి పిట్టలో కలిసిపోతున్నదని గ్రహించి, క్రమంగా ఆ విలీనాన్ని ఆనందంగా అంగీకరిస్తుంది. పరమాత్మలో లయాన్ని పరమపదంగా చెప్పిన మార్మికులందరికీ ఇది ఇబ్బంది కలిగించే చిత్రం, ఎందుకంటే లయమైనవాని ఆనందమే లయం సత్యమనడానికి సాక్ష్యమైతే, జీర్ణమైన పురుగు ఆనందాన్ని ఏ ప్రమాణంతో తోసిపుచ్చాలన్నది తేలదు. అద్వైతి దీనికి జవాబు చెప్పగలడు: అక్కడ ఒకటి మరొక దానిలో కలవడం జరగదు, రెండు లేవన్న ఎరుక కలుగుతుంది, పురుగు పిట్టగా మారడం కేవలం పదార్థ పరిణామం. జవాబు సరైనదే. కాని మార్క్విస్ ఎదుట ఉన్నది శంకరభాష్యం చదివిన అద్వైతి కాదు, హర్మయొనీ విందులో విశ్వచైతన్యంతో ఏకమైనట్టు ప్రకటించే అతిథి. వానికి ఈ పురుగు చాలు.

ఇంత చూసి మార్క్విస్‌ను మతద్వేషిగా జమకట్టడం తొందరపాటు అవుతుంది. క్రీస్తు చివరి గడియలను ఇతివృత్తంగా ఆయన 1924లో ‘ది డార్క్ అవర్స్’ అనే నాటకాన్ని నిండైన గాంభీర్యంతో ప్రచురించాడు. 1932లో న్యూయార్క్ రంగస్థలం మీద దానిని ప్రదర్శింపజేసి డబ్బు పోగొట్టుకున్నాడు. 1934లో వచ్చిన ‘చాప్టర్స్ ఫర్ ది ఆర్థడాక్స్’ సనాతన విశ్వాసులకు ఉద్దేశించిన కథల సంపుటి. అందులో దేవుడూ సైతానూ న్యూయార్క్ మనుషుల మధ్య తిరుగుతారు. మత విషయాన్ని విడవలేక, ఏ మతసంస్థలోనూ ఇమడలేక తిరిగిన మనస్సు ఇది. మద్యనిషేధ కాలంలో ఆయన సృష్టించిన ‘ఓల్డ్ సోక్’ అనే ముసలి తాగుబోతు నాటకంగా 1922లో విజయవంతమై పేరు, ధనం తెచ్చిపెట్టాడు గాని, రచయిత మనస్సు దాని మీద లేదనే చెప్పాలి.

ఆయన జీవితంలోని మరణాల వరుసను ఇక్కడ పేర్కొనక తప్పదు. కుమారుడు 1921లో పసితనంలోనే చనిపోయాడు. మొదటి భార్య రీనా 1923లో, కుమార్తె 1931లో పదమూడేళ్ల వయసులో, రెండవ భార్య మార్జొరీ 1936లో మరణించారు. పక్షవాతంతో చివరి రోజుల్లో రచనాశక్తిని కోల్పోయిన మార్క్విస్ 1937 డిసెంబరు 29న కన్నుమూశాడు. ఆర్చీ ఈ దుఃఖాల కంటె ముందే పుట్టాడు గనుక దుఃఖమే బొద్దింకను పుట్టించిందనడం చరిత్రకు విరుద్ధం. చెప్పగలిగినది ఇంతే: చనిపోయినవారు మరొక దేహంలో సుఖంగా ఉన్నారన్న ఓదార్పును ఇవ్వడానికి అన్నివిధాలా అనువైన కల్పన చేతిలో ఉండి కూడా, ఆయన దానిని ఆ పనికి వినియోగించలేదు. చెత్తబుట్టలో మేసే బొద్దింక ఎవరికీ ఓదార్పు కాదు. మెహిటబెల్ పిల్లల ప్రసంగం మరీ కఠినం. పిల్లలు ఉంచిన డబ్బాలోకి వాననీరు చేరే వేళకు ఆ తల్లి తన ఉల్లాసాన్ని, కళాజీవితాన్ని గురించి చెబుతూ ఉంటుంది, పిల్లలేమయ్యాయో పాఠకుడే ఊహించుకోవాలి. పాత జన్మ వైభవాన్ని తలుచుకోవడం ప్రస్తుత జన్మలోని బాధ్యతను తప్పించుకునే మార్గంగా ఎలా పనికివస్తుందో ఇంతకంటె నిష్కర్షగా చెప్పిన వేదాంత గ్రంథం అరుదు.

దీపంలోకి దూకే మిడతతో ఆర్చీ జరిపిన సంభాషణ ఆ రచనలన్నిటిలోకి ప్రసిద్ధం. అందంలో ఒక్క క్షణం భాగమై కాలిపోవడం, విసుగుతో చిరకాలం బతకడం కంటె మేలని మిడత వాదించి, వాదం ముగియకముందే మంటలో పడి బూడిద అవుతుంది. తనకైతే సగం సుఖమూ రెట్టింపు ఆయువూ కావాలని ఆర్చీ అంటాడు, కాని మిడత కాలిపోవాలని కోరుకున్నంత గాఢంగా తాను కోరుకోగలిగినది ఒకటి ఉంటే బాగుండునని కూడా అంటాడు. జన్మపరంపరకు మూలం తృష్ణ, అనగా ఎన్నటికీ తీరని కోరిక, అని బౌద్ధం బోధించింది. గీతలోని విశ్వరూప సందర్భంలో వేగంగా జ్వాలలోకి పోయే మిడతలు వినాశానికి ఉపమానంగా వస్తాయి. ఆ రెండు సంప్రదాయాలకూ మిడత హెచ్చరిక అయినచోట, ఆర్చీకి అది అసూయకు కారణమైంది. జాతిస్మరునికి తృష్ణ తగ్గితే విముక్తి దగ్గరవుతుందని శాస్త్రం. ఈ జాతిస్మరుడు తనలో తృష్ణ తగ్గిందేమోనని చింతిస్తున్నాడు. ఆ చింతలో అతడు తన విషయంలో ఒక అంశాన్ని లెక్కలోకి తీసుకోలేదనిపిస్తుంది, ఎందుకంటే అక్షరానికొకసారి తలను మీటకేసి కొట్టుకుంటూ, కాగితం మీద ఒక్క వాక్యం నిలవడానికి రాత్రంతా దూకే ప్రాణి కోరిక మిడత కోరిక కంటె చిన్నదని నిరూపించడం ఎవరికైనా కష్టమే.